మూడోసారి పిలవొద్దు

వైశాఖ బహుళ పాడ్యమి

ఇకనుంచి ఈ దినచర్య కాగితం మీద రాస్తాను. తెర మీద రాసిందల్లా అది చదువుతోందని నా అనుమానం. అదంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మనిషో, ముఠానో, ఎవరో నడిపించి వదిలేసిన యంత్రమో. మా ఊళ్లో అందరూ ‘దొంగ గొంతు’ అంటున్నారు. నేనూ అదే రాస్తాను.

నా పేరు సుంకులమ్మ. లోనూరు లైన్లకు కావలిని. మాది పాత నాపరాయి గని లోపల కాపురముంటున్న ఊరు. పైన ఎండకు మనిషి నిలవలేడు. గాలి, నీళ్లు, తలుపులు అన్నీ లైన్ల మీదే నడుస్తాయి. ఆ లైన్లలోకి పరాయివాళ్లు దూరకుండా చూసుకోవడం నా పని. పొద్దున్నే కావలి గది ఊడ్చుకుని, చల్లగాలి మరలు చూసుకుని, ఎవరెవరు ఏ తలుపు తీయమని అడిగారో కూర్చుని వింటాను. మా తలుపులు గొంతును గుర్తుపట్టి తెరుచుకుంటాయి. తాళంచెవులు తాతల కాలంతోనే పోయాయి.

ఇవాళ విన్నవాటిలో మద్దిలేటన్న గొంతు ఉంది. మద్దిలేటన్న మా ఊరి పెద్ద. నిన్న మధ్యాహ్నం ఉత్తరపు తలుపు తీయమని అడిగాడు. ఆ ఎండలో ఈయనకేం పని పడిందా అని వెళ్లి అడిగాను.

“నేనెందుకు అడుగుతా సుంకులమ్మా? జొరమొచ్చి మంచం దిగల్యా” అన్నాడు.

పగటిపూట కావలి గది నుంచి ఆజ్ఞ వెళ్తేగానీ ఏ తలుపూ తెరుచుకోదు. అందుకే బతికిపోయాం. పోయిన నెల ఎర్రగుట్ట ఊళ్లో కావలివాడు భార్య ఏడుపు విని మిట్టమధ్యాహ్నం తలుపు తీశాడు. తెరవమనే ఆజ్ఞ ఒక్కటి వెళ్తే చాలు, దాని వెనకే దూరి దొంగ గొంతు ఊరి తలుపులన్నీ తెరిచేసింది. వడగాలి లోపలికొచ్చింది. ఊరంతా పోయింది. తర్వాత శవాలు తీయడానికి వెళ్లినవాళ్లు చెప్పారు, ఆ భార్య అసలు బయటికే వెళ్లలేదట, ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ ఉందట.

మా ఊళ్లో అలా జరిగితే ముందు పోయేది దిగువ వీధి. పెద్ద తలుపు దాని మొగదలే ఉంది. పిల్లల బడి కూడా అక్కడే. నాకు భయంగా ఉంది. అక్షరాలు వంకరగా ఉంటే అందుకేనని చదివేవాళ్లు అర్థం చేసుకోవాలి.

చవితి

నాతోపాటు కావలి కాసే ఓబులేసు గొంతు కూడా పోయింది. పోయిందంటే వాడు బాగానే ఉన్నాడు, బండలాగా. గొంతు మాత్రం దాని చేతిలో పడింది. దొంగ చేతిలో పడ్డ గొంతున్నవాళ్లు కావలి గదిలోకి రాకూడదని ఊరి కట్టుబాటు. వాడికి మహా సంతోషంగా ఉన్నట్టుంది. ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసుకున్నాడు.

గొంతులు ఎలా పోతున్నాయో ఇవాళ తెలిసింది. తప్పు మాదే. మా వైపు మనిషిని ఒకసారి పిలిచి ఊరుకోరు. దయ్యం ఒక్కసారే పిలుస్తుందని, మనిషైతే మూడుసార్లు పిలుస్తాడని మా జేజెమ్మలు చెప్పారు. అందుకని మేం తలుపు దగ్గరైనా, లైన్లోనైనా, ఎవరినైనా ముమ్మారు పిలుస్తాం. రెండు పిలుపులదాకా పలకం. దొంగ గొంతు మొదటి పిలుపు విని, రెండోది, మూడోది అదే గొంతుతో తానే పిలుస్తోంది. విన్న మాటను అది తిప్పి అనకుండా ఉండలేదు. అలా అనీ అనీ గొంతును సొంతం చేసుకుంటోంది.

వీధి వీధికీ తిరిగి చెప్పాను. లైన్లో ఒక్కసారే పిలవండి, రెండోసారి వినబడితే అది దొంగ అనుకోండి అని. అందరూ తల ఊపారు. నేను అటు తిరిగానో లేదో, వెనక ఒకావిడ కొడుకును మూడుసార్లు పిలిచింది. కోపం ఆగక నాలుగు మాటలు అనేశాను.

సప్తమి

కావలి గదికి ఇంకో మనిషి కావాలి. దొంగ ఇంకా వినని గొంతు కావాలి. మగపిల్లలకు పదహారేళ్లు రాగానే తలుపుల దగ్గర గొంతు రాయిస్తారు. ఆడపిల్లలకు మాత్రం పెళ్లయ్యాక అత్తగారింటి పేరు మీద రాయిద్దాంలే అని వదిలేస్తారు. గొంతు రాయించనివాళ్లు లైన్లో మాట్లాడటానికి లేదు. ఈ వివక్ష మీద ఇరవై ఏళ్లుగా పోట్లాడుతున్నాను. ఇప్పుడు ఊరు మొత్తంలో శుభ్రంగా మిగిలినవి ఆ పిల్లల గొంతులే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అందుకని దిగువ వీధి బడికి వెళ్లి, పెళ్లికాని పెద్దపిల్లల్ని అక్కడికి పిలిపించి కూర్చోబెట్టాను. ఈ పని ఆడపిల్లలు చేయొచ్చని, చేయాలని, నేను చేస్తూనే ఉన్నానని చెప్పాను. ఒకమ్మాయి చేయెత్తి, “ఆ గదిలో దయ్యాల ఏడుపులు ఇనపడతాయంట గదా అత్తా” అంది. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. లేదని బొంకలేకపోయాను.

సామాన్ల గది లైన్లో రికార్డయిన రెండు మాటలు వినిపించాను. రెండూ రామక్క అనే ఆవిడ గొంతే. తాను ఒక్కసారే అడిగానని ఆవిడ చెప్పింది, అంటే ఒకటి ఆవిడది, ఒకటి దొంగది. మొదటిది, “బియ్యం నిండుకున్నాయి, పంపండి.” రెండోది, “బియ్యం అయిపోయాయి, ఖాళీ డబ్బా ఉంది, పంపండి.” ఏది దొంగదో చెప్పమన్నాను. పిల్లలంతా కళ్లు మూసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకుంది, గొంతు ఎక్కడ జీరపోయింది అని తెగ విన్నారు. రెండూ అచ్చు ఒక్కలాగే ఉంటాయి, వింటే నాకే తేడా తెలియదు.

వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. దిగువ వీధి దస్తగిరమ్మ కూతురు మాబున్ని.

“రెండోది దొంగది” అంది. “ఇంట్లో బియ్యం అయిపోయినాయని ఏ ఆడమనిషైనా అంటాదా? నిండుకున్నాయనే గదా అంటాము. నిండుకున్నాయంటే దానికి అర్తం కాల్యా. నిండుగా ఉంటే మల్లా ఎందుకు పంపమంటాండాదని తికమకపడి, సరిజేసి చెప్పింటాది.”

అంటే దొంగ గొంతు మన మాటల్ని వినడమే కాదు, దిద్దుతోంది కూడా. ఆ సంగతి నాకు తట్టలేదు. పిల్లలు మాత్రం మాబున్నిని చూసి కిసుక్కున నవ్వారు. అది సిగ్గుపడి కూర్చుంది.

అష్టమి

దస్తగిరమ్మ ఇంటికి వెళ్లాను. రొట్టె కాలుస్తూ నా వైపు చూడకుండానే మాట్లాడింది.

“నీకేం వదినా, నీకు పిల్లల్యాకపోయిరి. ఆడపిల్లను తీస్కపోయి ఆ గదిలో కూచ్చోబెడితే రేపు ఎవరు చేసుకుంటారు? పైగా సచ్చినోళ్ల గొంతులు ఇనే పని. ఇంకెవర్నన్నా చూసుకో.”

“ఇంకెవరూ లేరు వదినా. నా గొంతు ఒక్కటే మిగిలింది. అదీ పోతే తలుపుల దగ్గర నిలబడేవాళ్లు ఉండరు. ముందు పోయేది మీ వీధే” అన్నాను.

ఆమె రొట్టె తిరగేసింది. మాబున్ని గోడకానుకుని నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

“పోతానుమ్మా” అంది చివరికి. “నాకు గూడా బయమే. కానీ ఈ ఇంట్లో కూచ్చున్యా బయమే గదా.”

తల్లి పెనం దించేసి లోపలికి వెళ్లిపోయింది. దాన్నే ఒప్పుకోలు అనుకుని పిల్లను వెంటబెట్టుకొచ్చాను.

దశమి

మాబున్ని పని త్వరగా పట్టుకుంటోంది. ప్రశ్నలు మాత్రం ప్రాణం తీస్తాయి. ఎర్రగుట్ట పోయినా వాళ్ల ఊరి తీగ మన ఊరికి ఇంకా తగిలించే ఎందుకుంది అని అడిగింది. పక్క ఊళ్ల వార్తలు తెలుస్తాయని ఎప్పుడో కలిపారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. లైన్ల పటం తీసి చూస్తే దొంగ గొంతు వినబడిన చోట్లన్నీ ఆ తీగకే కలుస్తున్నాయి. ఈ చిన్న సంగతి కనుక్కోవడానికి ఇన్నాళ్లు పట్టిందని మద్దిలేటన్నకు చెప్పడానికే నాకు మొహం చెల్లలేదు.

ఆ తీగ ఇక్కణ్ణుంచి ఆపితే ఆగదు. ఉత్తరపు తలుపు బయట, గుట్ట మీది స్తంభం దగ్గర తెంపాలి.

పిల్లకు ఒకటే నేర్పుతున్నాను. అనుమానముంటే తెరవకు. ఏడ్చినా తెరవకు. తెరవనందుకు తర్వాత క్షమాపణ అడగొచ్చు. తెరిచినందుకు అడగడానికి ఎవరూ మిగలరు. అది పెదవులు కదుపుతూ ఆ మాటల్ని తనలో తాను చెప్పుకుంది.

ద్వాదశి

ఇవాళ భోజనం చేస్తుంటే లైన్లో నేను మాట్లాడాను.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. గదిలో నేను నోరు మూసుకుని కూర్చుని ఉన్నాను, గోడకున్న మాటగొట్టంలోంచి నా గొంతు వస్తోంది. “మాబున్నీ, పెద్ద తలుపు తెరువు. దిగువ వీధికి గాలి అందడంలేదు.” నా విసురు, నా తొందర, అన్నీ ఉన్నాయి. మాబున్ని నా మొహంలోకి చూసింది, తర్వాత గొట్టం వైపు చూసింది. పిల్ల కళ్లల్లో ఒక్క క్షణం నేనే దొంగనేమో అన్న అనుమానం కనబడింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

అది తలుపు తెరవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగా బిగించి కూర్చుంది.

నేను లేచి, ఎంగిలి చేత్తోనే, నా పేరు కావలివాళ్ల జాబితాలోంచి కొట్టేశాను. కట్టుబాటు కట్టుబాటే. ఇక లోనూరు తలుపులకు ఆజ్ఞ ఇవ్వగలిగింది మాబున్ని ఒక్కతే. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్లు. బయటికొచ్చి గోడ పక్కన నిలబడి కాసేపు ఏడ్చాను.

అమావాస్య

గుట్ట మీదికి నేనే వెళ్తాను. లోపల ఉండి చేయడానికి ఇక నాకేమీ లేదు. మద్దిలేటన్న మగవాళ్లను పంపుదామన్నాడు. తీగల్లో ఏది తెంపాలో వాళ్లకు తెలియదు. తప్పు తీగ తెంపితే చల్లగాలి మరలు ఆగిపోతాయి.

రాత్రి చీకట్లో ఏ తీగ ఏదో పోల్చలేను, అందుకని తెల్లవారుజామున వెళ్లి ఎండ ముదిరేలోగా రావాలి. తిరిగొచ్చాక తలుపు ఎలా తెరిపించుకోవాలన్నదే చిక్కు. బండ తలుపు, కొడితే లోపలికి వినబడదు. తలుపు పక్కనుండే మాటగొట్టం ఒక్కటే దారి. దాంట్లో పలికేది నా గొంతు, అంటే దొంగ గొంతు కూడా అదే.

ఉపాయం మాబున్ని చెప్పింది. నోటితో చెప్పకుండా పలక మీద ఒక మాట రాసి చూపించింది. ‘బొరుగులు’. నేను తిరిగొచ్చి గొట్టంలో తన పేరు పిలిచి, ఆ మాట ఒక్కసారి అనాలి. పిల్ల వెంటనే తెరవదు. చెవి పెట్టి వింటూ కూర్చుంటుంది. తీగ తెగకపోతే దొంగ గొంతు ఊరుకోదు, ఆ మాటను తిప్పి అంటుంది. రెండోసారి వినబడిందంటే తీగ తెగలేదన్నట్టు, ఇక ఏ తలుపూ తెరవదు. ఒక్కసారే వినబడి లైను నిశ్శబ్దంగా ఉండిపోతే తీగ తెగినట్టే, అప్పుడు తెరుస్తుంది. కావలి గది నుంచి మాత్రం ఒక్క మాట కూడా బయటికి రాకూడదు, పిల్ల గొంతు కూడా పోతే మాకిక ఎవరూ లేరు.

“రెండోసారి వినబడితే?” అని అడిగాను, సరిగా అర్థమైందో లేదోనని.

“పొద్దు గుంకేదాకా తెరవను. పొద్దు గుంకినాంక వడగాలి ఉండదు, మనుషుల్ని నిలబెట్టి తెరుస్తా” అంది. తర్వాత మెల్లగా, “అంతవరకు మీరు ఉండరు గదా అత్తా” అంది.

ఉంటానని చెప్పాను. ఎలా ఉంటానో చెప్పలేదు.

జ్యేష్ఠ శుద్ధ తదియ

వైద్యుడు ఇవాళ కూర్చోనిచ్చాడు. అరచేతులకు కట్లున్నా వేళ్లు ఆడుతున్నాయి, జరిగింది రాస్తున్నాను.

తీగ అనుకున్నంత సులువుగా తెగలేదు. పైన ఇనప తొడుగు ఉంది. దాన్ని కోసేసరికి ఎండ గుట్ట ఎక్కేసింది. తీగ తెగింది, రెండు కొసలూ నా చేత్తో పట్టుకుని చూశాను. తడి గోనెసంచి నెత్తిన కప్పుకుని దిగుతుంటే అది దారిలోనే ఆరిపోయి బిరుసెక్కింది. తలుపు ముందు బండల పంచలో పడ్డాను. నీళ్ల సీసాలో నీళ్లు నోట్లో పోసుకోలేనంత వేడిగా ఉన్నాయి.

గొట్టం దగ్గరికి పాకి, “మాబున్నీ, బొరుగులు” అన్నాను.

జవాబు లేదు. రాదనీ తెలుసు. లోపల పిల్ల చెవి పెట్టి వింటూ ఉంటుంది, నేను నోరు మూసుకుని ఉంటే చాలు. బండలు కాలుతున్నాయి. అరచేతులు అంటుకుపోతున్నాయి. లోపల లైను పనిచేస్తోందా, నా మాట వినబడిందా, లేక చల్లగాలి తీగ కూడా తెంపేసి అందర్నీ చంపేశానా అన్న భయం పట్టుకుంది. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

“మాబున్నీ, బొరుగులు” అన్నాను. ఆ వెంటనే ఇంకోసారి.

అన్నాక తెలిసింది. దొంగ లేదు, తీగ తెగిపోయింది. మూడుసార్లూ పిలిచింది నేనే. ఊరందరినీ తిట్టి మాన్పించిన అలవాటు నా నోట్లోనే కూర్చుని ఉంది. మనిషినేనమ్మా, దయ్యాన్ని కాదు అని చెప్పుకోవడానికి మాకు తెలిసిన దారి అదొక్కటే.

తర్వాత నేను మాట్లాడిందంతా దొంగ మాట్లాడే మాటలే. తీగ తెంపేశాను తల్లీ అన్నాను. నేనేనమ్మా, ఇది నిజంగా నేనే అన్నాను. కాలిపోతున్నానని ఏడ్చాను. ఎర్రగుట్ట కావలివాడు సరిగ్గా ఇవే విని ఉంటాడు. అది గుర్తొచ్చి, పిల్ల ఎక్కడ కరిగిపోతుందోనని భయమేసింది. అదే సమయంలో ఎక్కడ కరగదోనని కూడా భయమేసింది. రెండో భయమే పెద్దది. అబద్ధం రాయను. తెరిచెయ్యాలని కోరుకున్నాను. దిగువ వీధి, బడి, ఏదీ నా తలలో లేదు.

తలుపు తెరుచుకోలేదు.

పంచలో ఒక మూల సున్నం తీసిన గుంత ఉంది. దాంట్లోకి దొర్లి, గోనె మీదికి లాక్కుని, మట్టిలో మొహం పెట్టుకున్నాను. ఆ తర్వాత చాలావరకు గుర్తులేదు. పొద్దు గుంకాక మద్దిలేటన్న, ఇంకొందరు కర్రలు పట్టుకుని వచ్చి, నన్ను గోనెతో సహా ఎత్తుకుని లోపలికి తెచ్చారట.

ప్రాణం దక్కింది. గొంతు కాలిపోయింది. గాలి తప్ప ఏమీ రావడంలేదు. వస్తుందని వైద్యుడు అనలేదు, రాదనీ అనలేదు. ఆరోజు నుంచి లైన్లో పరాయి గొంతు ఒక్కటీ వినబడలేదట. దాన్ని నమ్మి నిద్రపోదామంటే కన్ను మూతపడటంలేదు. అది ఇంకో తీగ వెతుక్కుంటుంది.

పంచమి

మధ్యాహ్నం మాబున్ని వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. నేను రమ్మని చేయి ఊపాను.

“అంతా ఇన్యా అత్తా” అంది. “మీరు ఏడిసిందంతా ఇన్యా. చెవులు మూసుకుంటే పని తప్పినట్ల గదా, అందుకని మూసుకోల్యా.”

నేను పలక అందుకోబోయాను. ఆగమన్నట్టు తల ఊపింది.

“ఒకటి చెప్పిపోదామని వచ్చినా. మల్లా అట్లయితే మల్లా తెరవను. మీకు తెలిసుండాలని.” అప్పుడు ఏడ్చింది. మొహం తుడుచుకుని, పనికి వేళైందని వెళ్లిపోయింది. నిజం చెబుతున్నాను, దాని వెనకే చూస్తుంటే నాకు గర్వం కంటే భయమే ఎక్కువ వేసింది. ఆ పిల్లను అలా చేసింది నేను.

సాయంత్రం దస్తగిరమ్మ వచ్చింది. మంచం కోడు పట్టుకుని నా చేతుల కట్లు చూసింది.

“అన్నం ముట్టడంల్యా అది. నిద్రలో బొరుగులు, బొరుగులు అంటాది. నేను దాన్ని మాన్పించి తీస్కపోదామని వచ్చినా వదినా. ఇది ఆడపిల్ల చేసే పనేనా?”

పలక మీద రాశాను. ‘నీ వీధి నిలబడింది.’

ఆమె కూడబలుక్కుని చదివింది. పలక నా పక్కన పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “ఒకమాట చెప్పు. బయట ఉండేది నేనే అయ్యుంటే? కన్నతల్లిని గదా. అప్పుడన్నా తెరిచిండేదా?”

అబద్ధం రాద్దామనుకున్నాను. చేయి రాలేదు. ‘తెరవదు’ అని రాశాను.

ఆ అక్షరాలను ఆమె వేలుపెట్టి చదివింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, ఇక కావలి గది ఖాళీ అనుకున్నాను. ఆమె మంచం మీద నా కాళ్ల దగ్గర కూర్చుంది.

“మా చిన్నది ఉండాది గదా, హుసేనమ్మ. దానికి పదిహేడు. దాన్ని గూడా పిల్చకపో వదినా. అంత ఏడుపు పెద్దది ఒక్కతే కూచ్చోని ఎట్ల ఇంటాది.”